అంగడి నుంచి అరచేతి తెరకు: ఉత్తర తెలంగాణ చిన్నవ్యాపారాల్లో సామాజికమాధ్యమాల వినియోగం

వ్యాససంగ్రహం:

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు వెండితీగ పనికి, నిర్మల్ కొయ్యబొమ్మలకు, ఓజల కంచు-ఇత్తడి పోతపనికి, సిరిసిల్ల నేతకు, అడవి ఉత్పత్తులకు పేరుపొందినవి. ఈ వస్తువులను అమ్ముకొనేందుకు వాట్సాప్ బిజినెస్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటి మాధ్యమాలు ఎంతవరకు ఉపకరిస్తాయి, ఎక్కడ ఉపకరించవు అన్న ప్రశ్నను ప్రస్తుతవ్యాసం పరిశీలిస్తుంది. సంప్రదాయ అంగడి నెరవేర్చే ఐదు పనులను ప్రమాణంగా తీసుకొని, వాటిలో ఏవి తెరమీదికి మారాయో, ఏవి ఇంకా అమ్మకందారు చేతిలోనే ఉండవలసి ఉందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చిన్నవ్యాపారం, సామాజికమాధ్యమాలు, వాట్సాప్ బిజినెస్, కరీంనగర్ వెండితీగ పని, నిర్మల్ బొమ్మలు, డోక్రా, సిరిసిల్ల, భౌగోళిక సూచిక.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఉమ్మడి కరీంనగర్ నుంచి ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ఉమ్మడి ఆదిలాబాద్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. పాలనాపరమైన సరిహద్దులు మారినా ఈ ప్రాంతపు వృత్తుల స్వభావం మారలేదు. అవి చిన్నవి, కుటుంబాల ఆధారంగా నడిచేవి, చేతివేగానికి లోబడినవి. ఎలగందులలో వేళ్ళూనుకొని కరీంనగరంలో స్థిరపడిన వెండితీగ పనిలో గానీ, నిర్మల్ నకాషీ కుటుంబాల కొయ్యపనిలో గానీ యంత్రం స్థానం పరిమితం.

ఇటువంటి వృత్తులకు చాలాకాలంగా ఉన్న సమస్య తయారీ కాదు, అమ్మకం. వస్తువు చేసేవారికి, కొనేవారికి మధ్య దళారి, దుకాణదారు, ప్రభుత్వ విక్రయశాల వంటి అంచెలు ఉంటూ వచ్చాయి. చేతిఫోన్, చౌక అంతర్జాలం అందుబాటులోకి వచ్చిన తరువాత ఈ అంచెలు తొలగిపోతాయన్న ఆశ బలపడింది. ఆ ఆశలో నిజం ఎంత అన్నదే ఇక్కడి విచారణీయాంశం.

2. అంగడి చేసే ఐదు పనులు:

ఉత్తర తెలంగాణలో అంగడి అంటే దుకాణం మాత్రమే కాదు, వారానికి ఒకసారి కూడే సంత కూడా. ఇంద్రవెల్లి వంటి చోట్ల జరిగే వారపు అంగళ్ళకు చుట్టుపక్కల గోండు, కొలాం గూడేల నుంచి జనం వస్తారు. పుష్యమాస అమావాస్యనాడు కేస్లాపూర్‌లో మొదలయ్యే నాగోబా జాతర కూడా ఆరాధనతోపాటు క్రయవిక్రయాలకు వేదిక. ఈ అంగడిని జాగ్రత్తగా పరిశీలిస్తే అది ఐదు పనులు చేస్తున్నట్లు తెలుస్తుంది.

మొదటిది చూపు: వస్తువు కొనేవారి కంటికి కనిపించాలి. రెండవది బేరం: ఇద్దరి మధ్య మాట సాగాలి. మూడవది చెల్లింపు: అది నగదు కావచ్చు, ఉద్దెర కావచ్చు. నాలుగవది అందజేత: వస్తువు చేతులు మారాలి. ఐదవది నమ్మకం: వస్తువులో లోపముంటే వచ్చేవారం అదే చోట అదే మనిషి దొరుకుతాడన్న భరోసా ఉండాలి. సామాజికమాధ్యమాన్ని వ్యాపారసాధనంగా అంచనా వేయాలంటే ఈ ఐదింటిలో అది దేనిని చేస్తుంది, దేనిని చేయదు అని విడివిడిగా చూడవలసి ఉంటుంది.

3. సాధనాల స్వరూపం:

ఫేస్‌బుక్ 2007 నవంబర్‌లో వ్యాపారసంస్థల కోసం ‘పేజీ’లను ప్రవేశపెట్టింది. వ్యక్తిగత ఖాతాలో మిత్రుల సంఖ్య 5,000కు పరిమితం కాగా, పేజీని అనుసరించేవారి సంఖ్యకు అటువంటి పరిమితి లేదు. ఫేస్‌బుక్ సంస్థ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను, 2014లో వాట్సాప్‌ను సొంతం చేసుకొంది. 2021 అక్టోబర్‌లో సంస్థ తన పేరును మెటాగా మార్చుకొంది. అంటే చిన్నవ్యాపారి మూడు వేర్వేరు మాధ్యమాలుగా భావించేవి నిజానికి ఒకే యాజమాన్యం కిందివి. ఈ విషయం 7వ విభాగంలో ప్రాధాన్యం సంతరించుకొంటుంది.

చిన్నవ్యాపారుల కోసం ప్రత్యేకంగా రూపొందించిన వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో విడుదలయింది. దీనిని ఉచితంగా వాడుకోవచ్చు. చిరునామా, పనివేళలు, వ్యాపార వివరణ గల పరిచయపత్రం, తొలి సందేశానికి వెళ్ళే పలకరింపు, దుకాణం మూసిన వేళ వెళ్ళే జవాబు, తరచు అడిగే ప్రశ్నలకు ముందే రాసిపెట్టుకొనే సమాధానాలు ఇందులో ఉంటాయి. సంభాషణలకు ‘కొత్త ఆర్డరు’, ‘డబ్బు రావలసి ఉంది’, ‘పూర్తయింది’ వంటి గుర్తులు తగిలించవచ్చు. ఇది ఒక విధంగా దుకాణదారు ఖాతాపుస్తకానికి తెరరూపం. 2019 నవంబర్‌లో ‘కేటలాగ్’ చేరింది. అందులో 500 వరకు వస్తువులను చిత్రం, వివరణ, ధర, సంకేతసంఖ్యలతో అమర్చవచ్చు.

ఇందులోని ప్రసారజాబితా ప్రత్యేకంగా గమనించదగినది. ఒక్కో జాబితాలో 256 మంది వరకు చేర్చి ఒకే సందేశం పంపవచ్చు. కానీ అమ్మకందారు నంబరును తమ ఫోనులో భద్రపరచుకొన్నవారికే ఆ సందేశం చేరుతుంది. అందువల్ల ఆ జాబితాలో సందేశం అందేవారు ఊరూపేరూ తెలియని జనసమూహం కారు, అమ్మకందారును గుర్తుపెట్టుకోదలచినవారు. తెలంగాణ దుకాణదారు ‘వాడుక గిరాకీ’ అని పిలిచేది ఇదే.

4. చూపు: తెరకు ఒదిగేవి, ఒదగనివి

ఐదు పనుల్లో సామాజికమాధ్యమం అత్యంత సమర్థంగా చేసేది చూపు. అయితే కేటలాగ్ వెనుక ఒక ఊహ ఉంది: ప్రతి వస్తువుకు స్థిరమైన ధర, ఒకే రూపం, సిద్ధంగా ఉన్న నిల్వ ఉంటాయన్నది ఆ ఊహ. ఉత్తర తెలంగాణ వృత్తుల్లో ఇది మూడు చోట్ల తప్పుతుంది.

4.1. వెండితీగ పనిలో ధర: కరీంనగర్ వెండితీగ పనికి 2007లో భౌగోళిక సూచిక లభించింది. సన్నని వెండితీగలను మెలిపెట్టి, అల్లికగా కూర్చి, అతికి కుంకుమభరిణెలు, పాన్‌దాన్‌లు, అత్తరుదానులు, పళ్ళేలు చేస్తారు. ఇందులో ధర రెండు భాగాలు: నాటి వెండి విలువ, పనివాడి మజూరీ. వెండి ధర ప్రతిరోజూ మారుతుంది. కేటలాగ్‌లో ఒకే అంకె వేస్తే, వెండి పెరిగిననాడు నష్టం మజూరీ మీద పడుతుంది. ధర గడిని ఖాళీగా వదలి, వివరణలో బరువు, వెండి శుద్ధత, మజూరీ విడివిడిగా రాసి, మొత్తం విలువ ఆర్డరునాటి వెండిధరను బట్టి ఉంటుందని తెలపడం సముచితం. దీనివల్ల కొనేవారికి తాను లోహానికి ఎంత, నైపుణ్యానికి ఎంత ఇస్తున్నాడో కూడా తెలుస్తుంది.

4.2. ఓజల పోతపనిలో రూపం: 2018లో భౌగోళిక సూచిక పొందిన ఆదిలాబాద్ డోక్రా ఓజ కళాకారుల వృత్తి. ఉషేగాం వంటి గ్రామాలు దీనికి నెలవు. మట్టి అచ్చుమీద మైనపుతీగలతో రూపం తీర్చి, పైన మళ్ళీ మట్టిపూత పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన లోహాన్ని పోస్తారు. చల్లారాక మట్టి అచ్చును పగలగొడితేనే వస్తువు బయటికి వస్తుంది. కాబట్టి ఒక అచ్చుకు ఒకే వస్తువు. ఒక వస్తువు మరొకదానిని పూర్తిగా పోలి ఉండదు. తెరమీద చూసిన నెమలే తన చేతికి రావాలని కొనేవారు ఆశిస్తారు. ఆ తేడా లోపం కాదనీ, పద్ధతిలోనే ఉన్న లక్షణమనీ చిత్రం కిందనే చెప్పకపోతే వస్తువు తిరుగుటపాలో వస్తుంది. తయారీ దశలను చూపే చిన్న వీడియో ఈ వివరణకు అత్యుత్తమ మార్గం.

4.3. నిర్మల్ బొమ్మల్లో నిల్వ: నిర్మల్ బొమ్మలు తేలికైన పొణికి కర్రతో తయారవుతాయి. కర్ర దొరకడమే ఈ వృత్తికి పెద్ద సమస్య. ఒక వీడియో అనూహ్యంగా వ్యాపించి వందల ఆర్డర్లు వచ్చినా, కర్ర, ఆరుదల, రంగు తమ సమయం తాము తీసుకొంటాయి. గడువు చెప్పకుండా ముందస్తు సొమ్ము తీసుకొన్న అమ్మకందారు మంచి పేరుతోపాటు గిరాకీని కూడా పోగొట్టుకొంటాడు. అందువల్ల నెలకు చేయగలిగిన సంఖ్యను ముందే ప్రకటించి, అంతకు మించిన ఆర్డర్లను తరువాతి నెలకు నమోదు చేసుకోవడం చేతివృత్తికి తగిన పద్ధతి. ప్రచారం ఎంత అన్నది ఉత్పత్తిశక్తిని బట్టి నిర్ణయం కావాలి.

5. బేరం: భాష, యాస, గొంతు

ఆదిలాబాద్ ప్రాంతంలో తెలుగుతోపాటు గోండి, కొలామి, లంబాడి, మరాఠీ, దక్కనీ ఉర్దూ వినిపిస్తాయి. గోండి, కొలామి మాతృభాషగా గలవారిలో చాలామందికి రాత మరొక భాషలో సాగుతుంది. వాట్సాప్‌లోని ధ్వనిసందేశం ఇక్కడ నిజమైన వ్యాపారసాధనం. చదవడం, టైపు చేయడం రానివారు కూడా తమ మాటలో ధర చెప్పగలరు, గడువు చెప్పగలరు. అయితే ఒప్పందానికి సంబంధించిన అంకెలు, అంటే సంఖ్య, ధర, తేదీ, చివరకు రాతరూపంలో కూడా ఉండటం ఇరువురికీ రక్షణ.

స్థానిక యాస మార్కెట్‌కు అడ్డంకి అన్న అభిప్రాయం ఈ ప్రాంతంలోనే తప్పని తేలింది. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్ పల్లెజీవితాన్ని పల్లెమాటలోనే చూపి విశేషాదరణ పొందింది. అందులో నటించిన గంగవ్వ 2020లో బిగ్‌బాస్ తెలుగు నాలుగవ భాగంలో పాల్గొనేంతగా ప్రసిద్ధురాలయింది. దీనినుంచి చిన్నవ్యాపారి గ్రహించవలసిన పాఠం ఒకటి, గ్రహించకూడనిది ఒకటి ఉన్నాయి. తన సొంతమాటలో మాట్లాడటం వినేవారిని దగ్గర చేస్తుందన్నది మొదటిది. చూసేవారందరూ కొనేవారే అనుకోవడం రెండవది. వీడియో ఛానల్‌కు ప్రేక్షకుడే ఆదాయవనరు, ప్రకటనలు అతని చుట్టూనే వస్తాయి. బొమ్మ చేసేవారికి లక్షమంది ప్రేక్షకులకంటే ఏటా మళ్ళీమళ్ళీ కొనే నూరుమంది విలువైనవారు.

6. చెల్లింపు, అందజేత, నమ్మకం:

6.1. చెల్లింపు: 2016లో మొదలైన యూపీఐ విధానం చిన్నమొత్తాల చెల్లింపును సులభం చేసింది. 2020 నవంబర్‌లో వాట్సాప్‌కు కూడా దశలవారీగా యూపీఐ సేవలు అందించే అనుమతి లభించింది. దీనితోపాటు మోసాలూ పెరిగాయి. కొనుగోలుదారుగా పరిచయం చేసుకొని, డబ్బు పంపుతున్నామంటూ సంకేతచిత్రాన్ని స్కాన్ చేయమనడం, పిన్ నొక్కమనడం ఒక పద్ధతి. డబ్బు స్వీకరించడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదు. చెల్లింపు జరిగినట్లు పంపే తెరచిత్రం కూడా రుజువు కాదు, బ్యాంకుఖాతాలో జమ అయినదే రుజువు. మోసం జరిగినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేస్తే సొమ్మును నిలిపివేసే అవకాశం ఉంటుంది.

6.2. అందజేత: ఇది మాధ్యమం చేయని పని. 2020లో రాష్ట్ర రోడ్డురవాణా సంస్థ ప్రారంభించిన కార్గో సేవలు, తపాలాశాఖ పార్శిళ్ళు ఈ ప్రాంతపు చిన్నవ్యాపారికి అందుబాటులో ఉన్న మార్గాలు. పోతవస్తువుకు బరువు సమస్య, కొయ్యబొమ్మకు విరుగుడు సమస్య, వెండికి భద్రత సమస్య. వెండివస్తువును బీమాతో పంపడం, ప్యాకింగ్‌కు ముందు వస్తువును తూకంమీద ఉంచి చిత్రం తీసిపెట్టుకోవడం తరువాతి వివాదాలను నివారిస్తాయి. ఈ ఖర్చును ధరలో ముందే చేర్చకపోతే దళారిని తప్పించి మిగిలిందనుకొన్న లాభం రవాణాకు పోతుంది.

6.3. నమ్మకం: తెరమీద అసలు, నకలు ఒకేలా కనిపిస్తాయి. అచ్చుయంత్రంతో చేసిన వస్తువును చేతిపనిగా అమ్మడం అంగట్లో కంటే అంతర్జాలంలో సులభం. 1999నాటి భౌగోళిక సూచికల చట్టం ఇక్కడ రక్షణ కల్పిస్తుంది. ఆ వృత్తికి సూచిక రావడంతోనే ప్రతి కళాకారుడికీ హక్కు దానంతట అదే సంక్రమించదు, ‘అధీకృత వినియోగదారు’గా విడిగా నమోదు చేసుకోవలసి ఉంటుంది. ఆ నమోదుసంఖ్యను పరిచయపత్రంలో చూపగలిగిన కళాకారుడికి, చూపలేని నకిలీ అమ్మకందారుకు మధ్య తేడా స్పష్టమవుతుంది.

ఆహారవస్తువుల విషయంలో ఈ బాధ్యత మరింత ఎక్కువ. ఆదిలాబాద్ జిల్లా మహిళలు ఇప్పపూలతో చేస్తున్న వంటకాలను 2025 మార్చి 30నాటి ‘మన్ కీ బాత్’ ప్రసంగం ప్రస్తావించింది. ఇప్పపూవు వేసవి ఆరంభంలో కొద్దివారాలు మాత్రమే రాలుతుంది. ఏరి, ఆరబెట్టి నిల్వచేసిన పూవుతోనే ఏడాది పొడవునా లడ్డూలు చేయాలి. ఇంటివంట అయినా అమ్మకానికి పెట్టినప్పుడు 2006నాటి ఆహారభద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి. 14 అంకెల నమోదుసంఖ్య, దినుసులు, నికరబరువు, తయారీతేదీ పొట్లంమీద ఉండాలి. 2019నాటి వినియోగదారుల రక్షణచట్టం అంతర్జాలంలో కొన్నవారిని కూడా వినియోగదారులుగానే గుర్తిస్తుంది. వాట్సాప్‌లో అమ్మితే బాధ్యత ఉండదన్న భావన సరికాదు.

7. ఆధారపడటం: సిరిసిల్ల పాఠం

సామాజికమాధ్యమం దళారిని తొలగిస్తుందన్న వాదన పాక్షికసత్యం. అది పాత దళారిని తొలగించి, తాను కంటికి కనిపించని మధ్యవర్తిగా నిలుస్తుంది. ఏ వస్తువు ఎవరికి కనిపించాలో నిర్ణయించేది దాని గణనసూత్రం. 2018 జనవరిలో, వాట్సాప్ బిజినెస్ విడుదలైన నెలలోనే, ఫేస్‌బుక్ మిత్రుల, బంధువుల రాతలకు ప్రాధాన్యమిస్తామనీ, పేజీల రాతలు తక్కువగా కనిపిస్తాయనీ ప్రకటించింది. ఏళ్ళుగా పేజీని పెంచుకొన్న వ్యాపారి చేసిన తప్పేమీ లేదు, నియమం మారింది. 2020 జూన్ 29న భారతప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు అక్కడ మాత్రమే అనుచరులను సంపాదించుకొన్నవారు ఒక్కరోజులో వారిని కోల్పోయారు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ సుమారు ఆరుగంటలపాటు ఒకేసారి ఆగిపోయాయి. మూడుచోట్ల ఖాతాలున్నంత మాత్రాన మూడు దారులున్నట్లు కాదని ఆ రోజు రుజువయింది.

ఒకే మార్గంమీద ఆధారపడటంలోని ప్రమాదం ఈ ప్రాంతానికి కొత్త కాదు. సిరిసిల్ల మరమగ్గాల పరిశ్రమ యజమాని, ఆసామి, కార్మికుడు అనే మూడంచెల వ్యవస్థమీద నడుస్తుంది. 2017 నుంచి రాష్ట్రప్రభుత్వపు బతుకమ్మ చీరల ఆర్డర్లు ఈ పరిశ్రమకు స్థిరమైన పని కల్పించాయి. 2024లో ఆ పథకం కొనసాగకపోవడంతో మగ్గాలకు పని కరువైంది. ప్రభుత్వమనే ఒకే కొనుగోలుదారు స్థానంలో ఒకే మాధ్యమాన్ని నిలిపితే నేతకారుడి స్థితిలో మౌలికమైన మార్పు రాదు.

అదే సిరిసిల్లకు చెందిన నేతకళాకారుడు హరిప్రసాద్ చేతిమగ్గంమీద జి-20 చిహ్నాన్ని నేసి పంపిన విషయాన్ని 2022 నవంబర్ 27నాటి ‘మన్ కీ బాత్’ దేశానికంతటికీ తెలిపింది. ఒక కళాకారుడి నైపుణ్యం దేశమంతా గుర్తింపు పొందగలదనడానికి ఇది నిదర్శనం. అటువంటి గుర్తింపు వచ్చిన రోజున అడిగేవారి పేర్లు, నంబర్లు, కోరిన వస్తువులు నమోదు చేసుకొనే ఏర్పాటు ఏ వృత్తికైనా ముందే సిద్ధంగా ఉండాలి. ప్రసిద్ధి కొద్దిరోజులది, గిరాకీ జాబితా చాలాకాలం నిలిచేది.

8. ముగింపు:

• అంగడి చేసే ఐదు పనుల్లో చూపు, బేరం రెండింటిని సామాజికమాధ్యమం సమర్థంగా చేస్తున్నది. చెల్లింపును సులభతరం చేస్తున్నది. అందజేత, నమ్మకం మాత్రం అమ్మకందారు బాధ్యతగానే మిగిలాయి.

• కేటలాగ్ వంటి సాధనాలు యంత్రోత్పత్తి స్వభావానికి అనుగుణంగా రూపొందినవి. వెండితీగ పనికి మారే ధరను, డోక్రాకు ఏకైకరూపాన్ని, నిర్మల్ బొమ్మకు పరిమితసంఖ్యను వివరణలోనే తెలపడం ద్వారా వాటిని చేతివృత్తికి అనువుగా మలచుకోవచ్చు.

• స్థానిక భాష, యాస, గొంతు వ్యాపారానికి ఆటంకాలు కావు, నమ్మకానికి ఆధారాలు.

• భౌగోళిక సూచికలో అధీకృత వినియోగదారుగా నమోదు, ఆహారభద్రత నమోదు కేవలం చట్టపరమైన లాంఛనాలు కావు. తెరమీద అసలును నకలు నుంచి వేరుచేసే గుర్తులు అవే.

• మాధ్యమం అద్దెకు దొరికిన ప్రదర్శనశాల వంటిది. దాని నియమాలు, తలుపులు వేరొకరి చేతిలో ఉంటాయి. కొనుగోలుదారుల పేర్లు, నంబర్లు, ఆర్డర్ల వివరాలు మాధ్యమానికి వెలుపల, సొంత పుస్తకంలో భద్రపరచుకొన్న వ్యాపారి ఒక తలుపు మూసుకొన్నా మరొకటి తెరుచుకోగలడు. సహకారసంఘాలు, మహిళాసంఘాలు ఈ జాబితాలను ఉమ్మడిగా నిర్వహించగలిగితే, విడివిడిగా బలహీనులైన కళాకారులకు అంగడిలో తమదైన చోటు దక్కుతుంది.